ఓపలమ్మ గొంతు

తుకుం, చంద్రపూర్
2 మార్చి 2024

చెల్లె ప్రతిభకు,

మీ అన్న సుదర్శన్ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. అక్కడ బావ, పిల్లలు, మీ అత్తమ్మ అందరూ క్షేమమని తలుస్తాను.

పోయిన ఆదివారం నువ్వు ఫోన్లో చెప్పిన వార్తతో మనసు ఎంత తేలికైందో చెప్పలేను. ఆ రోజు మీ వదిన ఇంట్లో లేదు. ఆఖరి పత్తి ఏరుతున్నారని కోర్పనా దిక్కు పుట్టింటికి పోయింది. అందుకే ఫోన్ నేనే ఎత్తాను. ఆమె తిరిగి వచ్చీ రాగానే చెప్పాను, మీ పత్రికవాళ్ళు నా శీర్షికలో ఆరు రికార్డుల మీదా రాయడానికి ఒప్పుకున్నారని. "ఇంక ఆర్నెల్లు నాకు ఈ మోత తప్పదన్నట్టు" అన్నది గాని, ఆమెకూ సంతోషమే.

నాలుగో రికార్డు "సోమవారం ఉతుకు" మీద రాసింది ఇందులో పెడుతున్నాను. ఓపల్ హార్గ్రోవ్ అంతవరకు పాడిన మూడింటికీ దీనికీ చాలా తేడా. ముందువాటిలో ఆమె చర్చిలో నేర్చిన గొంతుతో ప్రేమ పాటలు పాడింది. సోల్ సంగీతం అంటేనే అది కదా, దేవుడి ముందు నిలబడ్డ గొంతు మనిషి ముందుకు రావడం. కాని ఇందులో ఆమె ఎవరి ముందూ నిలబడలేదు, పని చేసుకుంటూ పాడింది. బట్టను బండకు కొట్టి మళ్ళీ ఎత్తే నడుమ ఒక ఊపిరి ఉంటుంది చూడు, మూడో పాటంతా ఆ ఊపిరి మీదే నడుస్తుంది.

చంద్రపూర్ బొగ్గు గనిలో డ్రిల్లు మిషన్ నడిపినవాడికి ఈ అమెరికా ఆమె ఎట్లా దొరికిందని పాఠకులు అడుగుతున్నారన్నావు. నీకు తెలిసిందే అయినా వాళ్ళ కోసం రాస్తాను. ఎనభై ఆరులో మా గనిలో పెద్ద మిషన్ బిగించడానికి వాల్టర్ అనే ఇంజనీరు వచ్చాడు. నన్ను ఆయనకు హెల్పరుగా వేశారు. పోయేటప్పుడు సామాను బరువు ఎక్కువైందని రికార్డ్ ప్లేయరు, ఆరు రికార్డులు నాకిచ్చి పోయాడు. ఆరూ ఈమెవే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మన నాయన పెద్దపల్లి నుంచి మోసుకొచ్చిన ఇనప్పెట్టె తప్ప ఇంట్లో ఇంకో వస్తువు లేదు. ఆ పెట్టె మీద పెట్టి వినేవాణ్ణి. వాటిని విని విని ఇంగ్లీషు నేర్చుకున్నాను.

ఇంకొక మాట. ఫోన్ చేయకు. ఇక్కడ సిగ్నల్ సరిగా ఉండదు. ఉత్తరమైతే రాసింది రాసినట్టు ఉంటుంది.

మీ అన్న,
సుదర్శన్


హైదరాబాద్
11 మార్చి 2024

అన్నకు,

నమస్కారం అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా అత్తమ్మ క్షేమమా అని అడిగావు. నువ్వు వెక్కిరిస్తున్నావో, నిజంగానే అడుగుతున్నావో నాకు అర్థం కాలేదు.

ఆ ఆదివారం నేను ఫోన్ చేసింది అత్తమ్మ పోయిందని చెప్పడానికి. తెల్లవారుజామున పోయింది. మా ఆయనకు కూడా ఏడుపు ఆగని స్థితి. నాకు పుట్టింటివాళ్ళంటూ ఉన్నది నువ్వొక్కడివే కాబట్టి ముందు నీకే చేశాను. "అన్నా, అత్తమ్మ పోయింది" అన్నాను. నువ్వు ఏమన్నావో నీకు గుర్తుందా? "చాలా మంచి మాట చెప్పినవు చెల్లే, అందరికీ స్వీట్లు పంచు" అన్నావు. నేను మళ్ళీ చెప్పాను, ఈసారి అరిచి. "అవునవును, నాకు తెలుసు, ఎప్పటికైనా గిదే అయితదని" అన్నావు. ఫోన్ పెట్టేశాను. చుట్టూ ఉన్న బంధువులు "మీ అన్న వస్తుండా" అని అడిగితే, ఊళ్ళో లేడని అబద్ధమాడాను.

సిగ్నల్ బాగానే ఉంది అన్నా. నీ గొంతు పక్క గదిలో ఉన్నట్టు వినిపించింది. కాబట్టి సిగ్నల్ అని చెప్పకు.

ఇదొక్కటే కాదు. ఏడాదిగా నీకు ఎప్పుడు చేసినా వదినే ఎత్తుతుంది. "బజారుకు పోయిండు" అంటుంది, "స్నానం చేస్తుండు" అంటుంది. ఒక్కసారీ నీకు ఇవ్వదు. నేనేం చేశానని? నేను హైదరాబాద్‌లో చదువుకుని ఉద్యోగం చేస్తున్నానని ఆమెకు మొదటి నుంచీ నా మీద ఏదో ఉంది. ఆమె నీ చుట్టూ గోడ కడుతోందా? నాకు నిజం చెప్పు.

ఇక పత్రిక సంగతి. నాలుగో వ్యాసం అచ్చుకు పోయింది. కాని మా సంపాదకుడు నాగేష్ నన్ను పిలిచి నాలుగూ బల్ల మీద పరిచాడు. "మొదటి రెండింట్లో ఏ ఏడు పాడింది, వెనకాల ఏ వాయిద్యం, ఎందుకు ఆ వాయిద్యం, ఇవన్నీ ఉన్నయి. తర్వాత రెండింట్లో అవేవీ లేవు. పిండి పిసకడం, బట్టలుతకడం, దూడ కోసం అరిచే ఆవు. రాసే మనిషి మారిండు ప్రతిభా" అన్నాడు. ఎవరితోనైనా రాయిస్తున్నావా, లేకపోతే కంప్యూటర్‌ని అడిగి రాయించుకుంటున్నావా అని ఆయన అనుమానం. నిన్ను తెచ్చింది నేను. రేపు ఇది ఎవరిదో కాపీ అని తేలితే ఇరవై రెండేళ్ళ నా ఉద్యోగానికి మాట వస్తుంది.

చెప్పు. ఎవరు రాస్తున్నారు?

ప్రతిభ


తుకుం
20 మార్చి 2024

చెల్లె ప్రతిభకు,

మీ అత్తమ్మ సంగతి నీ ఉత్తరం చదివాకే తెలిసింది. ఆమె నీ పెళ్ళిలో తన చేత్తో లడ్డూలు చుట్టింది. మీ వదినకు చెప్తే ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరం స్నానం చేశాం.

నువ్వు నమ్మవు గాని ఆ రోజు నువ్వన్నది నాకు వేరేగా వినిపించింది. మా ఇంటి ముందు నుంచి బొగ్గు లారీలు పోతున్నాయి. శీర్షిక గురించి చెప్తున్నావనుకున్నాను. తప్పు నాదే. బావ కాళ్ళు పట్టుకుని అడగాలి, అడుగుతాను.

మీ వదిన గోడ కట్టడం లేదు. ఆమె మీద ఆ మాట రాయకు.

వ్యాసాలు రాసేది నేనే. చేతిరాత చూడలేదా? మా ఇంట్లో కంప్యూటరు లేదు. నా ఫోన్ బటన్ల ఫోన్. మనిషి అరవై దాటాక ఒకే పాటను వేరేగా వింటాడు, అందులో నేరమేముంది? ఇరవై నాలుగేళ్ళప్పుడు వాయిద్యాలు విన్నాను, ఇప్పుడు ఊపిరి వింటున్నాను. నాగేష్‌కు ఈ మాట చెప్పు.

నాకూ ఒక అనుమానం ఉంది, చెప్పనా? ఆ రికార్డులు ఇప్పుడు దొరకడం లేదని, వాటి కోసం వెతికేవాళ్ళున్నారని నువ్వే ఒకసారి రాశావు. ఈ శీర్షిక పేరుతో ఒక్కొక్కటే నా దగ్గర నుంచి పత్రిక ఆఫీసుకు చేర్చుకోవాలని మీ నాగేష్ ఆలోచన కాదు గదా? పోయిన నెల "ఒకసారి పంపితే అట్టను ఫొటో తీస్తాం" అన్నాడట. నేను పంపను. నా రికార్డు నా గడప దాటదు.

అయిదో రికార్డు "రెండో అంతస్తు" మీద రాయడం ఆలస్యమవుతుంది. పోయిన ఎండాకాలం అది వంకర తిరిగింది. ప్లేయరు ముల్లు గతుకుల రోడ్డు మీద బస్సులా ఎగిరెగిరి పడుతోంది. ఏదో ఉపాయం చూస్తున్నాను.

సుదర్శన్


హైదరాబాద్
14 మే 2024

అన్నకు,

నీకు కోపం వచ్చినా సరే, నేను చేసింది దాచను. మా తోటికోడలి తమ్ముడు అనంతరావు బల్లార్‌పూర్‌లో ఉంటాడు కదా. నిన్ను చూసి రమ్మని అతన్ని పంపాను. గేటు దగ్గరే నిలబడి చూసి తిరిగి వచ్చేశాడట, లోపలికి రావాలంటే భయమేసిందట.

అతను చెప్పింది రాస్తాను. మధ్యాహ్నం పన్నెండు. నలభై ఆరు డిగ్రీల ఎండ. కిటికీలో కూలర్ ఉంది, కరెంటూ ఉంది, పక్కింటివాళ్ళ కూలర్ నడుస్తోంది. కాని మీ కూలర్ ఆపేసి ఉంది. నువ్వు చెమటతో తడిసి, బనీను ఒంటికి అతుక్కుని, స్పీకరు పెట్టె మీద చెయ్యి పెట్టి కూర్చున్నావట. వదిన నీ మొహానికి జానెడు దూరంలో మొహం పెట్టి గట్టిగా అరుస్తోందట. నువ్వు తల ఊపుతూ కాగితం మీద రాస్తున్నావట. పక్కింటి బాపురావును అడిగితే, "ఏడాదిన్నర నుంచి రోజూ గిదే, పొద్దున లేస్తే ఆమె ఒర్రుడే" అన్నాడట.

అన్నా, నాకు నిద్ర పట్టడం లేదు. ఆమె నిన్ను ఏం చేస్తోంది? ఆ మండే గదిలో కూర్చోబెట్టి ఎందుకు అరుస్తోంది? ఏమైనా కాగితాల మీద సంతకాలు పెట్టిస్తోందా? నేను ఫోన్ చేస్తే ఇవ్వనిది ఇందుకేనా? నువ్వు ఒక్క ముక్క రాయి, నేను రేపే బండెక్కి వస్తాను.

సరే, పత్రిక పని పత్రిక పని. "రెండో అంతస్తు" కొత్తగా వేసిన ముద్రణ మాకు దొరికింది. నీ రికార్డు వంకర పోయిందన్నావు కాబట్టి ఇది నువ్వే ఉంచుకో. ఈ ఉత్తరంతో పాటే కొరియర్‌లో పంపుతున్నాను. విని జూన్ మొదటి వారానికల్లా వ్యాసం పంపు. నాగేష్ దీని కోసమే ఎదురుచూస్తున్నాడు.

ఈ ఉత్తరం ఆమెకు చూపించకు. చూపించినా తెలుగు అక్షరాలు ఆమెకు రావనుకో.

ప్రతిభ


తుకుం
2 జూన్ 2024

ప్రతిభకు,

వ్యాసం పంపడం లేదు. ఎందుకు పంపడం లేదో మొత్తం రాస్తాను. నువ్వు మధ్యలో ఆపకుండా చదువు.

నువ్వు పంపిన రికార్డు పదిహేడో తారీఖున అందింది. అట్ట కొత్తగా మెరుస్తోంది. మీ వదిన రికార్డును ప్లేయరు మీద పెట్టి, కూలర్ ఆపింది. మొదటి పాట సగం కూడా కాలేదు, ముల్లు ఎత్తేసింది. నా ముందుకు వచ్చి అన్నది:

"ఇది ఓపలమ్మ కాదు."

ఓపల్‌ను ఆమె అట్లాగే పిలుస్తుంది. నేను అట్ట చూపించాను. "బొమ్మ సూడు. పేరు సూడు."

"బొమ్మ పాడుతదా? గొంతు ఆమెది కాదు. ఆమె తీరు పాడుతుంది గంతే."

రికార్డు నడిమి కాగితం చూపించాను. అక్కడా ఓపల్ పేరే. పాటల వరుస కూడా అదే. "నీకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, నీకేం తెలుస్తది" అని కసిరాను.

"ఇంగ్లీషు నాకెందుకు? ముప్పై ఆరేండ్ల సంది ఈ ఇంట్ల నువ్వున్నవు, నేనున్న, ఆమె ఉన్నది. నువ్వు కూసొని విన్నవు, నేను రొట్టెలు చేసుకుంట విన్న. ఇంట్ల మనిషి గొంతు నాకు తెల్వదా?"

నేను వినలేదు. నా పాత జ్ఞాపకంతో రెండు పేజీల వ్యాసం రాశాను. కొత్త ముద్రణలో గొంతు మరింత స్వచ్ఛంగా ఉందని కూడా రాశాను. కవరు అంటించాను. మీ వదిన ఆ కవరును తీసుకుపోయి బియ్యం డబ్బాలో వేసి మూత మీద కూర్చుంది. "అబద్ధం రాస్తే రాసుకో, నా చెవుల మీద పెట్టి రాయకు" అన్నది. అక్కడితో మాట మానేసింది.

రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. ప్రతిభా, ఆ రెండు రోజులు నాకు ఎట్లా గడిచాయో నీకు తెలియదు. ఎందుకంటే నాకు ఈ లోకంలో వినిపించే గొంతు ఆమెదొక్కటే.

అవును. నాకు చెవులు పోయాయి.

ముప్పై ఒక్క ఏళ్ళు డ్రిల్లు మిషన్ పక్కన నిలబడ్డాను. మొదట పిట్టల అరుపులు పోయాయి, చెట్ల మీదికి రావడం లేదేమో అనుకున్నాను. తర్వాత కుక్కర్ కూత పోయింది. తర్వాత ఆడవాళ్ళ గొంతులు. నీ గొంతు పోయింది, ఓపల్ గొంతు పోయింది. పోయిన ఏడాది నాగ్‌పూర్‌లో చూపిస్తే, ఇక తిరిగి రాదన్నారు. చెవికి మిషన్ ఇచ్చారు. పెట్టుకుంటే మాట కంటే ముందు లోకమంతా రేకుల షెడ్డు మీద రాళ్ళు పడ్డట్టు మోగుతుంది. తీసి పెట్టెలో పెట్టాను. మొహం దగ్గర పెట్టి అరిస్తే, పెదాలు చూస్తూ మాట అందుకుంటాను.

నువ్వు శీర్షిక రాయమని అడిగినప్పటికే చాలావరకు పోయింది. చెప్పాలనే అనుకున్నాను. కాని నువ్వు ఎంతో గొప్పగా "మా అన్న గనిలో పని చేసి ఇంత సంగీతం తెలుసుకున్నడు" అని పత్రికలో పరిచయం రాశావు. చెవిటివాడు పాటల మీద రాస్తున్నాడంటే నవ్వరా? మొదటి రెండూ జ్ఞాపకంతో రాశాను. మూడోదానికి జ్ఞాపకం చాలలేదు. మీ వదినను అడిగాను. ఆమె ఒక్కో పాట విని, ముల్లు ఎత్తి, నా దగ్గరకు వచ్చి అరిచి చెప్తుంది. కూలర్ నడిస్తే పాట సరిగా వినిపించదని ఆమే ఆపుతుంది. స్పీకరు మీద చెయ్యి పెడితే డ్రమ్ము దెబ్బలు నా అరచేతికి తెలుస్తాయి. పిండి పిసకడం, బట్టలుతకడం, ఆవు, దూడ, అవన్నీ ఆమె మాటలే. నాగేష్ గుర్తుపట్టాడు, నువ్వు గుర్తుపట్టలేదు.

నువ్వు ఆ ఆదివారం ఏడుస్తూ చెప్పావని తర్వాత తెలిసింది. నాకు ఫోన్లో ఏదో గుయ్యిమన్నది. అందులో "అన్నా" ఒక్కటి తెలిసింది. మిగతాది నాకు కావలసినట్టు అల్లుకున్నాను. మీ వదిన ఫోన్ నాకు ఇవ్వకపోవడం నేను చేతులు పట్టుకుని అడిగితేనే. "ఎన్ని రోజులు దాస్తవు" అని ఆమె రోజూ తిట్టింది.

మూడో రోజు పొద్దున రికార్డును కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. ఎండకు నడిమి కాగితం అంచు లేచి ఉంది. గోరుతో గీకితే ఊడి వచ్చింది. దాని కింద ఇంకో కాగితం, ఇంకో పేరు. పేరున్న గాయకుల పాటలను వేరేవాళ్ళతో అచ్చం అట్లాగే పాడించి చవకగా అమ్మే రికార్డుల గురించి వాల్టర్ నాకు ఎప్పుడో చెప్పాడు. అదే ఇది. పై కాగితం అంటించింది మీరు.

మీ వదిన ముందు ఆ రికార్డు పెట్టి నిలబడ్డాను. ఆమె చూసింది. "మీ చెల్లెనా పంపింది?" అన్నది. అవునన్నాను. ఆమె బియ్యం డబ్బాలో నుంచి కవరు తీసి నా చేతిలో పెట్టింది. నేనే చింపేశాను.

నన్ను పట్టుకోవడానికి ఉచ్చు పెట్టావు. పట్టుకున్నావు. శీర్షిక ఆపేయండి. అనంతరావుకు చెప్పు, మా గేటు వేసి ఉండదని, లోపలికి వస్తే మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళమని.

సుదర్శన్


హైదరాబాద్
9 జూన్ 2024

అన్నకు, వదినకు,

ఇది ఇద్దరికీ రాస్తున్నాను. అన్నా, వదినకు చదివి వినిపించు.

కాగితం అంటించింది నేనే, అట్ట మీద ఓపల్ బొమ్మ అచ్చు వేయించిందీ నేనే. నాగేష్ రికార్డు ఇచ్చాడు, ఆలోచన నాది. ఎక్కడి నుంచో ఎత్తి రాస్తున్నావా, నిజంగా విని రాస్తున్నావా తేల్చుకోవాలనుకున్నాను. వినేవాడైతే మొదటి పాటకే తెలుస్తుందని, తెలిస్తే నాకు రాస్తావని. తెలియకపోతే నిన్ను ఎట్లా ఆపాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆ పై కాగితాన్ని కత్తెరతో గుండ్రంగా కత్తిరించడానికి ఒక సాయంత్రం పట్టింది. అంతసేపూ నా మనసుకు తప్పనిపించలేదు. అది తలచుకుంటేనే భయంగా ఉంది.

నీ చెవుల గురించి ఒక్కసారి కూడా అనుకోలేదన్నా. గనిలో పని చేసిన ఇళ్ళల్లో పుట్టి పెరిగినదాన్ని. మన నాయన చివరి రోజుల్లో పిలిస్తే పలికేవాడా? పలక్కపోతే మొండితనం అనుకున్నాం. ఇప్పుడు నిన్ను చెడ్డవాడనుకున్నాను. మూడు నెలలు నిన్ను తిట్టుకుంటూ తిరిగాను. అత్తమ్మ పదకొండో రోజున, మా ఆయన నీ కోసం గుమ్మం వైపు చూస్తే, "నాకు అన్న లేడనుకోండి" అన్నాను.

వదినా, నీ గురించి అనుకున్నవి కూడా చెప్పాలి. నువ్వు మా అన్నను నాకు కాకుండా చేస్తున్నావనుకున్నాను. అనంతరావు మాటలు విని, నువ్వు ఆయన్ను ఎండలో కూర్చోబెట్టి హింసిస్తున్నావనుకున్నాను. నీకు అక్షరాలు రావని కూడా చిన్నచూపుగా రాశాను. నాగేష్ దగ్గర రెండు వందల రికార్డులున్నాయి. ఈ రికార్డును మొదటిసారి విన్నప్పుడు గొంతు ఓపల్‌ది కాదని చెప్పడానికి ఆయన రెండు పాటలు తీసుకున్నాడట. నువ్వు సగం పాట కూడా తీసుకోలేదు.

ఆయనకు అంతా చెప్పాను. నవ్వలేదు. "ఆరో రికార్డు మీద ఆమె ఏమంటదో ఆమె మాటల్లోనే పంపమను. ఆమె పేరుతోనే వేస్తా. జాలితోని కాదు, పనికొస్తేనే వేస్తా" అన్నాడు. నేను ఒత్తిడి చేయను. రాకపోతే ఆ పేజీ ఖాళీగా ఉంచమన్నాను.

నన్ను ఇంటికి రానిస్తారా?

ప్రతిభ


తుకుం
30 జూన్ 2024

ప్రతిభకు రాజక్క వదిన రాసేది,

తెలుగు అక్షరాలు నాకు రావన్నది నిజమే. కోర్పనాల మరాఠీ బడి, నాలుగో క్లాసు. అందుకే మాట తెలుగు, అక్షరం మరాఠీ. గట్టిగ సదువుకో, అర్థమైతది.

నీ ఉత్తరం మీ అన్న సదివిండు. నా గురించి రాసిన కాడ ఆగి, లోపల సదువుకొని, దాటేసి ముందుకు పోయిండు. నాకు అనుమానమొచ్చింది. "ఆపినవేంది?" అన్న. "ఏం లేదు" అన్నడు. "నువ్వు సదువుతవా, బాపురావును పిలువాల్నా" అన్నంక సదివిండు. నేను మీ అన్నను ఎండల పెట్టి సంపుతున్ననా? ఆ ఎండల నేను గూడ ఉన్న గదనే. నా రైక తడిసి పిండితే నీళ్ళు కారినయి. గది అనంతరావుకు కనవడలేదా? రెండు రోజులు నీ మీద కోపం పోలేదు. ఇంక గూడ జర ఉన్నది. ఉంటది.

మీ అన్న ఇంక రాయను అని పెన్ను లోపల పెట్టిండు. రికార్డులు గుడ్డల సుట్టి మంచం కిందికి తోసిండు. పది రోజులు సూసిన. పొద్దుగాల కూసుంటడు, పొద్దుమీకి కూసుంటడు, గోడ సూస్తడు. నేను అరిస్తే తలకాయ ఊపుతడు గంతే. నాకే మనసు ఒప్పక, పోయిన ఆదివారం ఆరో రికార్డు తీసిన. "తలుపు తీసే ఉంది" అని మీ అన్న దానికి పేరు చెప్తడు. ఓపలమ్మ ఆఖరి రికార్డు. తీసినంక గోరుతోటి రెండు దిక్కులా గీకి సూసిన, దీని మీద గూడ ఏమన్న అంటించి పెట్టినవేమో అని. ఇంట్లనే ఉన్న రికార్డు అది. అయినా గీకిన. గట్ల చేసినవు నన్ను.

కూలర్ బంద్ చేసిన. రికార్డు పెట్టిన. ఆయన చెయ్యి తెచ్చి పెట్టె మీద నేనే పెట్టిన.

ఈ రికార్డు అంటే మీ అన్నకు పాణం. ఆఖరి పాటల ఆమె గొంతెత్తి పైకి, ఇంక పైకి పోయి, అక్కడ నిలబడి పిలుస్తదట. గసొంటి పిలుపు ఇంకెవ్వలకు చాతకాదని నా పెండ్లయిన నాటి నుంచి చెప్తుండు. నేనెన్నడు ఆ పాట ఆఖరిదాక కూసొని వినలేదు. పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేది.

విన్న. ముల్లెత్తిన. వచ్చి చెప్పిన: "ఆమె పైకి పోలేదు."

"పోతది. సరిగ విను."

మళ్ళ పెట్టిన. ఐదుసార్లు పెట్టిన ప్రతిభా. నడుమ కరెంటు పోయింది, వచ్చేదాక ఇద్దరం గట్లనే కూసున్నం. ఐదుసార్లు అదే. ఆమె పైకి ఎక్కబోయింది, ఆగింది. వెనుక ఇద్దరు ఆడోళ్ళు అందుకున్నరు, వాళ్ళు పోయిండ్రు పైకి. ఆమె కింద నిలబడి ఊపిరి తీసుకుంటుంది. ఊపిరి వినవడ్డది నాకు.

"ఆమె కాదు, వాళ్ళు" అని అరిచి చెప్పిన.

మీ అన్న మొఖం తెల్లగైంది. "నాకు యాదికుంది. ఆమెనే. నేను విన్న" అన్నడు. "నువ్వు విన్నవేమో. నేను మాత్రం వినలేదు. లేనిది ఉన్నదని చెప్పాల్నా?" అన్న. కోపంతోటి లేచి బయటికి పోయిండు. గేటు కాడ నిలబడ్డడు. చానసేపు. నేను చాయ్ పెట్టి తీస్కపోయిన. అప్పుడు అడిగిండు, "ఆగినప్పుడు ఎట్లున్నది? ఏడ్చిందా?" అని.

ఏడ్వలేదని చెప్పిన. దమ్ము లేదని ఆమెకు తెలుసు. ఉన్నట్టు చేయలేదు. ఈ పాట నా తోటి కాదు, మీరు ఎత్తుకోండి బిడ్డా అని పక్కకు జరిగినట్టు ఉన్నది. ఆరు రికార్డులల్ల నాకు అన్నిటికంటె గదే మంచిగనిపించింది అని చెప్పిన.

మీ అన్న లోపలికొచ్చి పెన్ను తీసిండు. "మళ్ళ చెప్పు, మెల్లగ" అన్నడు. నేను చెప్తుంటె తెలుగుల రాసిండు. మాట మాటకు కాగితం సూసుకుంట కూసున్న. అక్షరం రాకున్నా, నేను ఎంత చెప్పిన్నో ఆయన ఎంత రాసిండో లెక్క దొరుకుతది గద. ఎక్కువ రాస్తే పట్టుకుందామనుకున్న. ఎక్కువ రాయలేదు. రాసింది సదివి వినిపించిండు. నా మాటలే ఉన్నయి. ఆమె పిలిచింది అని ఎక్కడ లేదు. "నీది గూడ రాసుకో, నువ్వు విన్నది" అన్న. వద్దన్నడు.

కాగితాలు దీంట్లనే పెడుతున్న. నాగేష్ సారు పనికొస్తే వెయ్యమను, రాకపోతే వాపస్ పంపమను.

మీ అత్తమ్మ ఆర్నెల్ల మాసికానికి ఇద్దరం వస్తం. మీ ఆయన కాడ మీ అన్న తలకాయ వంచుకొని నిలబడుతడు, నువ్వు ముందుగాలనే అందరికి చెవుల సంగతి చెప్పు. ఇంక దాసిపెట్టుడు లేదు. నువ్వు అంతకుముందే రావాలనుకుంటె రా. వద్దనలేదు. వచ్చినంక నాకు ఎదురుంగ కూసొని, అనుకున్నయన్ని నోటితోటి చెప్పు, ఉత్తరంల కాదు.

ఒక్క సంగతి మర్సిన. రాసుడు అయిపోయినంక కింద పేరు రాయబోయి ఆగిండు. పెన్ను నా చేతిల పెట్టి, సంతకం చెయ్యమన్నడు. బ్యాంకుల తప్ప నేను ఎక్కడ సంతకం పెట్టలేదు. అడ్డదిడ్డంగ వచ్చింది. మరాఠీలనే ఉన్నది. దాన్ని తెలుగు చెయ్యకుండ్రి, ఎట్లున్నదో గట్లనే అచ్చెయ్యమను.

మీ వదిన,
రాజక్క